అడిగి రాసిన వాక్యం

సంచి అడుగున దుప్పటి పరిచి, దాని మీద చీరలు సర్దింది వదిన. చీరల మీద తువ్వాళ్ళు. పక్కన తలనొప్పి మాత్రల డబ్బా. అన్నీ పెట్టాక ఏదో గుర్తొచ్చినట్టు అన్నీ బయటికి తీసి, మళ్ళీ మొదటి నుంచి పెట్టడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచి ఇదే పని.

జిప్పు సగం దాకా వచ్చి మొరాయించింది.

"గట్టిగా లాగకమ్మా, ఊడి చేతికొస్తుంది," అంది మంచం మీద నుంచి అత్తగారు. "అసలా సంచి ప్రయాణాలకి పనికొచ్చేది కాదు. మీ మామగారు కొన్న రోజే అన్నాను."

"ప్రయాణాలకి పనికిరాని సంచి ఎందుకు కొన్నారత్తయ్యా?"

"ఎక్కడికీ వెళ్ళేది లేదు కదా అని."

వదినకి నవ్వొచ్చింది. ఆ నవ్వూ జిప్పులాగే సగంలో ఆగిపోయింది. గుమ్మంలో ఆడపడుచు నిలబడి ఉంది.

ఆడపడుచుని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. మాటలొచ్చిన రోజు నుంచీ నోరు మూతపడలేదని చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన పేరు. ఊళ్ళో పేపరుకి విలేకరి అయ్యాక ఆ పేరు ఇంకా బాగా అతికిందని నవ్వుకునేవాళ్ళు. అలాంటిది, నిన్న సాయంత్రం నుంచి ఆ పిల్ల గొంతు ఎవరికీ వినపడలేదు.

నిన్న సాయంత్రమే నీళ్ళ శాఖ ఉత్తర్వు వచ్చింది. వదినని నీళ్ళు పరీక్ష చేసే గది నుంచి తప్పించి, కొండ అవతల పంపుల దగ్గరికి మార్చారు. విచారణ తేలేదాకా అక్కడే ఉండాలి. రేపు పొద్దున్నే చేరాలి. ఈ సాయంత్రం బస్సు తప్పితే ఇంకో బస్సు లేదు.

కారణం ఇంటిల్లిపాదికీ తెలుసు. మిల్లు వెనక వీధి కుళాయిల్లో మురుగు కలుస్తోందని పోయిన వారం పేపర్లో వార్త వచ్చింది. రాసినవాళ్ళ పేరు లేదు. చెప్పినవాళ్ళ పేరూ లేదు. కానీ రెండో పేరాలో ఒక ముక్క ఉంది. "పరీక్ష చేసిన ఉద్యోగినే ఆ నీళ్ళు తన ఇంట్లో తాగనివ్వడం లేదు" అని. ఆ వైపు నీళ్ళు పరీక్ష చేసేది వదిన ఒక్కతే. ఇక పేరెందుకు?

అన్నయ్య మొన్న తనంతట తాను పెద్దాఫీసరు గదికి వెళ్ళాడు. మా ఇంట్లోంచి మాట బయటికి పోలేదు, మా చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను, తను రాయలేదంది, దానికి నేను పూచీ, అని నలుగురి ముందూ చెప్పి వచ్చాడు. పెద్దాఫీసరు విన్నాడో లేదో తెలియదు, టీ తాగుతూ తలూపాడట. మర్నాడే ఉత్తర్వు.

"అమ్మా, వదినకి గొడుగు పెట్టావా?" అంది పిచ్చుక.

"అయ్యో, మర్చేపోయాను. ఎక్కడ పెట్టానో ఏమో," అంటూ అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచి పక్కగదిలోకి వెళ్ళింది. వెళ్ళేవాళ్ళకి వాన తగులుతుందని, ఎండ తగులుతుందని, ఆకలేస్తుందని ఆవిడకి ఎప్పుడూ దిగులే. దిగులు పడ్డంతసేపూ మనిషి ఇంకా వెళ్ళనట్టే ఉంటుంది ఆవిడకి.

"సాయం చెయ్యనా వదినా?"

"చేశావుగా."

పిచ్చుక గుమ్మం దాటి లోపలికి రాలేదు. వేలితో తలుపు గడియని అటూ ఇటూ కదుపుతూ ఉండిపోయింది.

"వదినా, అది రాసింది నేనే."

వదిన జాకెట్టు మడత పెట్టడం ఆపలేదు. "తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"పేపరు చూసినప్పటి నుంచి. అది నా మాటే కదే. ఆ రోజు నేను కూరలు కడుగుతుంటే నువ్వు పక్కన పళ్ళేలు తుడుస్తున్నావు. 'ఆ వైపు నీళ్ళు నేనే పరీక్ష చేశాను, మీరెవ్వరూ తాగకండి, పట్టిన నీళ్ళు పారబొయ్యండి' అన్నాను. మాటని ఎత్తి అలాగే పెట్టావు. నా మాట నేను పోల్చుకోలేనా?"

"మరి అన్నయ్య అడిగినప్పుడు నువ్వెందుకు..."

"నువ్వే చెప్తావని చూశాను. ఆయన ఆఫీసుకి వెళ్తున్నట్టు నాకు చెప్పలేదు. చెప్పుంటే ఆపేదాన్ని. ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పి చెయ్యరు."

పక్కగదిలో అత్తగారు ఏదో పెట్టె జరుపుతున్న చప్పుడు.

"ఆ వార్త వచ్చాకే గొట్టం తవ్వారు వదినా," అంది పిచ్చుక గొంతు తగ్గించి. "ఆ వీధిలో పిల్లలకి వాంతులు తగ్గాయి. నేను వెళ్ళి చూసొచ్చాను."

"తగ్గాయి. నేను కాదన్నానా? పొద్దున్నే పేపరు చూడగానే నాకు సంతోషమే వేసింది. ఎవరు రాశారో గానీ చల్లగా ఉండాలి అనుకున్నాను. రెండో పేరా దాకా."

పిచ్చుక తల దించుకుంది.

"ఒక్క మాట, 'వదినా, ఇది రాస్తాను' అని అడిగితే ఏం పోయేదే?"

"వద్దంటావేమోనని..."

"సరే అనేదాన్నేమో! పేరు పెట్టే వెయ్యమనేదాన్నేమో! ఆ పెద్దాఫీసరు ముందు నిలబడి, అవునండీ నేనే చెప్పాను, కాగితాలు తియ్యండి చూసుకుందాం అనేదాన్ని. ఇప్పుడు చూడు. దొంగచాటుగా చెప్పేసి మొగుణ్ణి అడ్డం పెట్టుకున్నదాన్ని అయ్యాను. వద్దనడానికీ లేదు, సరే అనడానికీ లేదు. రెండూ నువ్వే తీసేసుకున్నావు."

ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే పిచ్చుకకి బాగుండేది. పోట్లాటకి జవాబు చెప్పడం ఆ పిల్లకి వచ్చు. ఈ అలసటకి ఏం చెప్పాలో తెలియదు.

అప్పుడే ఫోన్ మోగింది. పేపరు సంపాదకుడు. ఆయన గొంతు ఎంత పెద్దదంటే, ఫోన్ చెవికి పెట్టుకున్నవాళ్ళకంటే పక్కనున్నవాళ్ళకే బాగా వినిపిస్తుంది.

"ఏమ్మా, మీ వదిన ఇవాళే వెళ్తోందట కదా! బస్సెక్కేటప్పుడు ఒక ఫొటో కావాలి. చేతిలో సంచి ఉండాలి. కళ్ళు కాస్త తడిగా ఉంటే మరీ మంచిది. 'నిజం చెప్పినందుకు శిక్ష' అని మొదటి పేజీలో పెడదాం. నీకు చెప్పింది ఆవిడే కదా, ఇంట్లో మనిషే కదా, ఒప్పించడం ఎంతసేపు?"

"సార్, నేను తర్వాత..."

"తర్వాత అంటే బస్సు వెళ్ళిపోతుందమ్మా!"

వదిన సంచి జిప్పు పట్టుకుని ఇంకోసారి లాగింది. "ఇది బాగుచేయించాక రమ్మనవే మీ సార్ని. నోరు తెరుచుకున్న సంచితో ఫొటో ఏం బాగుంటుంది? కళ్ళ సంగతి అక్కడికెళ్ళాక చూద్దాం, గ్యారంటీ ఇవ్వలేను."

పిచ్చుక ఫోన్ కట్టేసి తల తిప్పేసరికి, పక్కగది గుమ్మంలో అమ్మ ఉంది. చేతిలో గొడుగు. దాని బొత్తం ఎప్పుడు నొక్కిందో, అది టప్పున విచ్చుకుంది. దాన్ని మూసే సంగతి ఆవిడకి తోచలేదు.

"నువ్వేనా?" అంది.

"అమ్మా..."

"రాయలేదన్నావు కదే. అన్నం ముందు కూర్చుని, వాడి కళ్ళలోకి చూసి అన్నావు కదే."

"అన్నాను."

"వాడికి తెలుసా?"

"ఇంకా లేదమ్మా."

అత్తగారు తెరిచిన గొడుగుతోనే మంచం మీద కూర్చుంది. "మీ నాన్న జన్మలో ఎవరికీ పూచీ పడలేదు. సొంత తమ్ముడికి కూడా. వీడు పడ్డాడు, అదీ నీకు. ఇదేమిట్రా నాయనా, ఇంట్లో పిల్ల పేపర్లో రాస్తుందని నేను ఆ పేపర్లన్నీ అల్మారాలో పరవకుండా దాచుకుంటున్నానే!"

ఎవరూ నవ్వలేదు. వదిన లేచి వెళ్ళి, ఆవిడ చేతిలోంచి గొడుగు తీసుకుని, మెల్లిగా మూసి, సంచి పక్కన పెట్టింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి అన్నయ్య కొట్టు కట్టేసి వచ్చాడు. ఆయనది కళ్ళజోళ్ళ కొట్టు. మాట తక్కువ మనిషి. కొట్లో కూడా, అక్షరాలు కనిపిస్తున్నాయా లేదా, అంతవరకే. ఇంట్లో ఎవరి ముఖాలు ఎలా ఉన్నాయో చూశాడో లేదో గానీ, సంచి మాత్రం చూశాడు. చొక్కా జేబులోంచి సన్నటి పట్టకారు తీశాడు. ఫ్రేములు బిగించే పట్టకారు. నేల మీద చతికిలబడి, సంచిని ఒళ్ళోకి లాక్కుని, జిప్పు పళ్ళని ఒక్కొక్కటే సరిచెయ్యసాగాడు.

అమ్మ పిచ్చుక వైపు చూసింది. వదిన చూడలేదు.

పిచ్చుక ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అన్నయ్యా."

"ఊఁ."

"మొన్న నువ్వడిగితే రాయలేదన్నాను కదా. అబద్ధం. నేనే రాశాను."

పట్టకారు ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఆ నూనె సీసా ఇటియ్యి," అన్నాడు.

ఎవరికి చెప్పాడో తెలియలేదు. పిచ్చుకే లేచి వెళ్ళి, కుట్టుమిషను మీదున్న నూనె సీసా తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక చుక్క వేసి, బట్టతో తుడిచి, జిప్పుని ఒక కొస నుంచి ఇంకో కొసకి లాగాడు. ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. వెనక్కి లాగాడు. వచ్చింది.

"ఇక బాగానే వస్తుంది," అన్నాడు భార్యతో.

"అన్నయ్యా, తిట్టు. ఏదో ఒకటి అను."

ఆయన పట్టకారు తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ ఆఫీసరు గదిలో నలుగురున్నారు," అన్నాడు. "కిటికీ పక్కనున్న ఆయనకి పోయిన నెల కళ్ళజోడు నేనే చేశాను. చెవి దగ్గర ఒత్తుకుంటోందట, వచ్చి సరిచేయించుకుంటానన్నాడు."

అంతే అన్నాడు. లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. అందరూ భోజనానికి కూర్చున్నారు. అమ్మ మధ్యలో ఒకసారి, "అక్కడ నీళ్ళెలా ఉంటాయో ఏమో," అంది.

"నేనే పరీక్ష చేసుకుంటాగా అత్తయ్యా," అంది వదిన. "ఇంట్లో మాత్రం చెప్పను."

పిచ్చుక అన్నం సగంలో వదిలి లేచింది. చెప్పులు వేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయింది.

పేపరాఫీసులో వార్తలు దిద్దే డెస్కుకి పెద్ద ఒకాయన ఉన్నాడు. ఎంత పొడుగు వార్తనైనా కోసి పారేస్తాడని అందరూ ఆయన్ని కత్తెర అంటారు, ఎదురుగానే అంటారు. పిచ్చుక తెచ్చిన కాగితం ఆయన చదివాడు. ఒక్క మాట కూడా కొయ్యలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, కాగితం పట్టుకుని సంపాదకుడి గదిలోకి నడిచాడు. వెనకాలే పిచ్చుక.

"ఫొటో ఏదమ్మా?" అన్నాడు సంపాదకుడు.

"ఫొటో లేదు సార్. సవరణ తెచ్చాను. నా పేరుతో వెయ్యాలి."

ఆయన చదివాడు. చదువుతుంటే ఆయన గొంతు కూడా మామూలు గొంతు అయింది.

"సవరణ అనేది తప్పు వార్తకి వేస్తారు. మన వార్త నిజం కదా."

"వార్త నిజమే సార్. తెచ్చుకున్న తీరు తప్పు."

"తీరుకి సవరణ వేసిన పేపరు ఎక్కడైనా చూశావా?"

"నేనూ చూడలేదు," అన్నాడు కత్తెర. "ఆరో పేజీ కింద జాగా ఉంది."

"మీరు కూడా ఏంటండీ! ఇది వేస్తే రేపటి నుంచి మనతో నోరు విప్పేదెవరు? 'ఈ పేపరు వాళ్ళు వంటింట్లో మాటలు కూడా రాస్తారు' అనరూ?"

"ఇప్పటికే అంటున్నారు. పొద్దున టీ కొట్టు దగ్గర నన్ను చూసి ఇద్దరు మాట ఆపేశారు. వాళ్ళు మాట్లాడుకుంటున్నది క్రికెట్టు గురించి."

సంపాదకుడు కుర్చీలో వెనక్కి వాలి ఫ్యాను వైపు చూశాడు. "వేసుకోండి. కానీ నీళ్ళు, ఆస్పత్రి, ఏవీ ఇక ఈ అమ్మాయికి ఇవ్వకండి. సంతాప సభలు రాసుకోమనండి. చచ్చిపోయినవాళ్ళతో గొడవుండదు."

బయటికొచ్చాక కత్తెర తన బల్ల దగ్గర కూలబడ్డాడు. పిచ్చుకని ఎదురుగా కూర్చోమన్నాడు.

"ఆ రెండో పేరాలో ముక్క అడిగింది నేనే. ఎవరు చెప్పారో కొంచెమైనా తెలియకపోతే ఎవడు నమ్ముతాడమ్మాయ్ అన్నాను. నువ్వు వెంటనే ఇచ్చావు. నాకు పేజీ నిండింది. ఆ మాటతో మనిషి దొరికిపోతుందా అని మాత్రం నేనడగలేదు. అది కూడా ఇందులో రాయి."

"మీ సంగతి మీరు రాసుకోండి సార్. ఇది నాది."

ఆయన చిన్నగా నవ్వి, కాగితం మళ్ళీ ముందుకు జరుపుకున్నాడు. పైకి చదివాడు.

"'మిల్లు వెనక వీధి నీళ్ళ గురించి పోయిన వారం వచ్చిన వార్త రాసింది నేను. అందులో విషయం నిజం. అది నాకు చెప్పినావిడ పేపరు కోసం చెప్పలేదు. వంటింట్లో, ఇంటి మనుషులు జబ్బు పడకూడదని చెప్పింది. రాస్తానని నేను చెప్పలేదు, రాయనా అని అడగలేదు. ఆమె ఎవరో తెలిసిపోయే మాట నేనే చేర్చాను. ఇంట్లో అడిగితే రాయలేదన్నాను. నా మాట నమ్మి మా అన్నయ్య అధికారుల ముందు నాకు పూచీ పడ్డాడు. తప్పు నాది.'"

చదవడం అయ్యాక చూపుడువేలు ఒక చోట పెట్టి, తీయకుండా అలాగే ఉంచాడు.

"మీ అన్నయ్య గురించి ఈ వాక్యం. అడిగావా?"

పిచ్చుక ఆ వేలి కిందున్న వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది.

అడగలేదు. మధ్యాహ్నం ఎదురుగా కూర్చుని కూడా అడగలేదు. దాచింది చెప్పెయ్యాలన్న తొందరలో, ఇది చెప్పడానికి తనొక్కతిదే కాదన్న సంగతి తట్టనేలేదు. పోయిన వారం వదిన మాట. ఇవాళ అన్నయ్య పరువు. మళ్ళీ అదే పని.

"తీసెయ్యండి సార్."

"తియ్యగలను. తీస్తే ఆయన తెలిసీ అబద్ధం ఆడాడని ఆ అధికారులు అనుకుంటారు. ఉంచితే చెల్లెలి చేతిలో మోసపోయాడని ఊరంతా అనుకుంటుంది. రెండిట్లో ఏది నయమో చెప్పాల్సింది నువ్వూ కాదు, నేనూ కాదు."

ఫోన్ చేసింది. అన్నయ్య ఎత్తలేదు. మళ్ళీ చేసింది.

"బస్సు వెళ్ళేలోపు ఇంటికెళ్ళు," అన్నాడు కత్తెర. "నువ్వు చెప్పేదాకా నేను పేజీ అచ్చుకి వదలను. ప్రెస్సు వాళ్ళు అరిస్తే అరవనీ, నాకు ఎడమ చెవి ఎలాగూ వినపడదు."

పిచ్చుక ఇల్లు చేరేసరికి సంచి గేటు దగ్గరికి వచ్చేసింది. దాని మీద అడ్డంగా గొడుగు. వదిన తల దువ్వుకుని, వెళ్ళే చీర కట్టుకుని, అరుగు మీద కూర్చుని ఉంది. అమ్మ అందరి కాళ్ళ వైపూ చూస్తోంది. ఎవరైనా బయల్దేరుతుంటే ముఖం చూడలేక చెప్పులు చూడటం ఆవిడ అలవాటు.

"బస్టాండు దాకానే కదరా, ఆ కొత్త చెప్పులెందుకు?" అంటోంది కొడుకుతో.

"పాతవి తెగాయమ్మా."

పిచ్చుక ముందు వదిన దగ్గరికి వెళ్ళింది. కాగితం ఇచ్చింది. "వదినా, ఇది రేపు వెయ్యాలనుకుంటున్నాను. నువ్వు సరే అంటేనే. ఏ మాట వద్దంటే ఆ మాట తీసేస్తాను. మొత్తం వద్దన్నా సరే."

వదిన చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ పైనుంచి చదివింది.

"వంటింట్లో అని ఉంచు," అంది. "'అది నాకు చెప్పినావిడ' అన్న చోట మా వదిన అని రాయి. దాక్కోవడం నాకు చేతకాదు."

పిచ్చుక అరుగు మీద మోకాలు ఆన్చి పెన్నుతో మార్చింది. వదిన ఆ మార్పుని వంగి చూసింది. చూసి, తల ఊపింది. ఆ క్షణంలో ఆమె చెయ్యి పిచ్చుక భుజం దాకా వచ్చినట్టే ఉంది. కానీ మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

"మీ అన్నయ్యకి చూపించు," అంది.

అన్నయ్య గేటు దగ్గర సంచి పట్టీ సరిచేస్తున్నాడు.

"అన్నయ్యా, ఇందులో నీ గురించి ఒక వాక్యం ఉంది. చదువుతావా?"

ఆయన కాగితం అందుకుని, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చదివాడు. అందరికీ కళ్ళజోళ్ళు చేసే మనిషి తనకి మాత్రం ఎప్పుడూ చేసుకోలేదు. అందుకని ఏది చదివినా చెయ్యి చాపి చదువుతాడు. అలా చాచిన చేతి చివర ఆ కాగితం ఆయనకి చాలా దూరంలో ఉన్నట్టు కనిపించింది పిచ్చుకకి.

"తీసేస్తే ఏమవుతుంది?" అన్నాడు.

"తెలిసే అబద్ధం చెప్పావని అనుకుంటారు."

"ఉంచితే?"

"నేను నీకు అబద్ధం చెప్పానని అందరికీ తెలుస్తుంది."

"చెల్లెలి మాట పట్టుకుని వెళ్ళిన వెర్రివాడినని."

"నువ్వు వద్దంటే తీసేస్తానన్నయ్యా. ఒట్టు."

"ఒట్లొద్దు."

రోడ్డు మీద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. ఆయన కాగితాన్ని దాని మడతల మీదే మడిచి, ఆమె చేతిలో పెట్టాడు.

"రాసుకో," అన్నాడు. "నిజమే కదా."

"కోపంగా అంటున్నావా? నిజంగానే అంటున్నావా?"

"అడిగావు, చెప్పాను." సంచి ఎత్తి భుజానికి తగిలించుకున్నాడు. "బస్సు టైమవుతోంది."

వదిన వంగి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "మాత్రలు కిటికీలో పెట్టాను. మర్చిపోకండి."

"నువ్వు చేరగానే ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే నాకు నిద్రపట్టదు. చేసినా పట్టదనుకో." అత్తగారు కొడుకు వైపు తిరిగింది. "సీటు దొరికిందో లేదో చూసి మరీ రా. కిటికీ పక్కన కూర్చోబెట్టు. నువ్వొచ్చేదాకా అన్నం కలపను."

"బస్సెక్కించి వస్తాను," అన్నాడు ఆయన.

ఇద్దరూ వీధి చివర మలుపు తిరిగేదాకా అమ్మా కూతురూ గేటు దగ్గరే నిలబడ్డారు. వాళ్ళు పక్కపక్కన నడవలేదు. ఆయన సంచితో రెండడుగులు ముందు, ఆమె గొడుగుతో వెనక. మలుపు దగ్గర వదిన ఒకసారి తిరిగి చూసింది. ఆయన చూడలేదు.

పిచ్చుక కత్తెరకి ఫోన్ చేసింది. "ఉంచండి సార్. అడిగాను. ఒక్క చోట 'మా వదిన' అని మార్చండి."

"ఏమన్నాడు?"

"రాసుకోమన్నాడు."

"సరేనమ్మాయ్," అన్నాడు కత్తెర. "పేజీ వదిలేస్తున్నాను."

లైట్లు వేసే వేళయింది. అమ్మ వంటింట్లో పళ్ళెం మీద మూత పెట్టి వచ్చి, గుమ్మంలో కూర్చుంది. బస్సు ఆలస్యమై ఉంటుంది అంది. సీటు దొరక్క మాట్లాడుతున్నాడేమో అంది. దారిలో కొట్టు తీసి ఏదో చూసుకుంటున్నాడేమో అంది. చెప్పడానికి ఇంకేం మిగలక లేచి, వరండాలో లైటు వేసింది.

గోడ పక్కన కొడుకు పాత చెప్పులు ఉన్నాయి. వంగి ఒకటి తీసి చూసింది. పట్టీ లాగి చూసింది. రెండోది కూడా చూసింది.

"పిచ్చుకా," అంది. "ఇవి తెగలేదే."

మర్నాడు ఆరో పేజీ కింద ఆ సవరణ వచ్చింది. విచారణలో దాన్ని పైకి చదివించారు. వదిన తప్పేమీ లేదని రాసి, బదిలీ మాత్రం అలాగే ఉంచారు. వదిన ఆ ఇంటికి విచారణప్పుడు ఒకసారి, అత్తగారికి జ్వరం వచ్చినప్పుడు ఇంకోసారి వచ్చింది. రెండుసార్లూ భర్తని కొండ అవతలే ఉంచి ఒక్కతే వచ్చింది. అన్నయ్య రాలేదు. వానలు ఇంకా మొదలుకాని ఆ గురువారం సాయంత్రం, బస్సెక్కించి వస్తానని వెళ్ళిన అన్నయ్య ఆ ఇంటికి మళ్ళీ ఎప్పుడూ రాలేదు.